నా డ్రిల్లు, నా నిచ్చెన, నా మొహమాటం

2024 జనవరి 21, ఆదివారం. మా డ్రిల్లు మెషిన్ ముచ్చటగా మూడోసారి చక్ కీ లేకుండా ఇంటికి తిరిగొచ్చింది. తెచ్చినాయన గుమ్మంలోనే నిలబడి, "అన్నయ్య లేరా అండీ? ఇదిగో, ఆయన డ్రిల్లు" అని నా చేతిలో పెట్టి లిఫ్టు ఎక్కేశాడు.

ఆ డ్రిల్లు మా ఆయనది కాదు, నాది. ఆయనకు మేకు కొట్టడం కూడా రాదు, ఆ మాట ఆయనే చెప్పుకుంటారు. ఇక చక్ కీ అంటే వేలెడంత ఇనప ముక్క. అది లేకపోతే కన్నం వేసే పుల్ల, అంటే బిట్టు, బిగియదు. బిట్టు బిగియకపోతే మూడు వేల రూపాయల మెషిను మూల పడేసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. కీ ఏదని మెసేజ్ పెట్టడానికి ఫోన్ తీశాను. "కీ ఉందా అండీ" అని టైపు చేశాను, చెరిపేశాను. "వీలున్నప్పుడు ఒకసారి చూస్తారా" అని రాశాను, అదీ చెరిపేశాను. చివరికి సోమవారం హార్డ్‌వేర్ షాపుకు వెళ్ళి 90 రూపాయలు పెట్టి కొత్తది కొనుక్కున్నాను. వస్తూ వస్తూ దారిలో ఏడుపొచ్చినంత పనయింది. తొంభై రూపాయల కోసం కాదు. అడగలేకపోయినందుకు.

మేం ఉండేది బెంగళూరులో హూడి దగ్గర. మూడు బ్లాకుల అపార్ట్‌మెంటు, 140 ఇళ్ళు, అందులో తెలుగువాళ్ళం నలభై దాకా ఉంటాం. మా నాన్నకు కావలిలో మోటారు వైండింగ్ షాపు ఉండేది. బడి అయ్యాక అక్కడే కూర్చుని హోంవర్క్ చేసుకునేదాన్ని కాబట్టి పనిముట్లంటే భయం లేదు. 2021లో ఈ ఇంట్లో దిగినప్పుడు కర్టెన్ రాడ్లకూ అరలకూ కలిపి 34 కన్నాలు లెక్క తేలాయి. ఎలక్ట్రీషియన్ కన్నానికి 100 అడిగాడు. ఆ డబ్బుకు డ్రిల్లే వస్తుంది కదా అని కొనేశాను. మరుసటేడు 5,600 పెట్టి కాంక్రీటు గోడలకు కన్నాలు వేసే రోటరీ హ్యామర్, ఆ తర్వాత పన్నెండడుగుల అల్యూమినియం నిచ్చెన.

ఇంట్లో వస్తువుందని తెలిశాక అడగకుండా ఎవరుంటారు? రెండున్నరేళ్ళు అడిగిన ప్రతివాళ్ళకూ ఊరికే ఇచ్చాను. ఒక్క వస్తువూ పోలేదు, అది ముందే చెప్పాలి. కానీ ఏదీ వెళ్ళినట్టు తిరిగి రాలేదు. నిచ్చెన మెట్లన్నిటి మీదా తెల్ల పెయింటు. ఆరు ఎంఎం బిట్టు వంకర. ఒకసారి హ్యామర్ తీసుకున్నవాళ్ళు ఇంటికి తాళం వేసి దసరాకు రాజమండ్రి వెళ్ళిపోయారు. పది రోజులపాటు నా మెషిను వాళ్ళ హాల్లో, నేను బయట.

నాన్న షాపులో కూడా రైతులు స్పానర్లు, పుల్లర్లు అడిగి పట్టుకెళ్ళేవాళ్ళు. ఎవరు ఏది పట్టుకెళ్ళారో షట్టరు లోపలి వైపు సుద్దముక్కతో రాసేవాడు. మనిషి మళ్ళీ కనబడితే పదిమందిలో, "ఏమయ్యా, నా పుల్లరు నీ చేలో నాటావా?" అని అడిగేసేవాడు. నాన్న చెయ్యి నాకు వచ్చింది కానీ నోరు రాలేదు.

అద్దె పెడదామని ఆ వారంలోనే అనుకున్నాను. మా ఆయన ఒప్పుకోలేదు. "పక్కింటివాళ్ళ దగ్గర అద్దె ఏంటి? కావలిలో తెలిస్తే మీ అమ్మ తలెత్తుకోగలదా?" అన్నారు. నాకూ సిగ్గుగానే ఉంది. నాలుగు రాత్రులు కూర్చుని నాలుగు వాక్యాల మెసేజ్ రాశాను. జనవరి 26 సెలవు రోజు కదా, ఉదయం పదింటికి తెలుగువాళ్ళ గ్రూపులో పెట్టి, ఫోన్ బోర్లా పడేసి వంటింట్లోకి పారిపోయాను. డ్రిల్లు రోజుకు 100, డిపాజిట్ 500. హ్యామర్ 250, డిపాజిట్ 1,500. నిచ్చెన 50, డిపాజిట్ లేదు. బిట్లు అద్దెకివ్వను, ఎవరివి వాళ్ళు కొనుక్కోవాలి.

మధ్యాహ్నానికి 22 బొటనవేళ్ళు వచ్చాయి. అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఒకరోజు కాదు, రెండు రోజులు కాదు, పదహారు రోజులు. అంతకుముందు వారానికి ఇద్దరైనా వచ్చేవాళ్ళు. గుమ్మం ముందు చెప్పుల చప్పుడైతే చాలు, తలుపు దాకా వెళ్ళి వచ్చేదాన్ని. అందరూ నన్ను పిసినారి కింద జమకట్టేశారని ఖాయం చేసుకున్నాను. టెన్షన్ తట్టుకోలేక మెసేజ్ తీసేద్దామనుకున్నాను కానీ అప్పటికే తీసేసే గడువు దాటిపోయింది.

ఫిబ్రవరి 11న బి బ్లాకు నుంచి ఒక వైజాగ్ కుర్రాడు వచ్చాడు. అద్దెకు దిగి వారమైందట. "అక్కా, హ్యామర్ కావాలి. మాది మైవాన్ గోడ" అన్నాడు. మా ఏ బ్లాకు ముందు కట్టింది, ఇటుక గోడలు. బి, సి బ్లాకులు తర్వాత అల్యూమినియం పలకలు నిలబెట్టి కాంక్రీటు పోసి కట్టారు. ఆ గోడకు మామూలు డ్రిల్లు ఆనిస్తే బిట్టు మొన ఎర్రగా కాలుతుంది తప్ప కన్నం పడదు. ఇది తెలియక ఎంతోమంది డ్రిల్లు తీసుకెళ్ళి, "మీ మెషిన్ పనిచెయ్యట్లేదండీ" అని తిరిగి తెచ్చేవాళ్ళు. ఈ అబ్బాయి నా ముందే ఫోన్‌లో 1,750 వేశాడు, రెండు గంటల్లో తుడిచి మరీ తెచ్చిచ్చాడు, డిపాజిట్ వెనక్కి పంపగానే "థాంక్స్ అక్కా" అని వెళ్ళిపోయాడు. మొత్తం మాటలు పది కూడా లేవు. ఎంత హాయిగా ఉందో! తర్వాత అతనే చెప్పాడు: "ఊరికే ఇస్తారంటే వచ్చేవాణ్ణి కాదక్కా. కొత్తవాణ్ణి, ఎలా అడుగుతాం?" నా ఒక్కదానికే అనుకున్న మొహమాటం అవతలివాళ్ళకూ ఉంటుందని అంతవరకూ నాకు తట్టలేదు.

ఆ తర్వాత ఒకరొకరే మొదలుపెట్టారు, ఎక్కువమంది అద్దె ఇళ్ళవాళ్ళే. సొంత ఇళ్ళవాళ్ళు, అంటే రెండున్నరేళ్ళు ఊరికే పట్టుకెళ్ళినవాళ్ళు, బాగా తగ్గిపోయారు. నేను ఊహించనిది ఇంకోటి ఉంది. అద్దె గురించి ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. డిపాజిట్ అనేసరికి ముఖాలు మారిపోయేవి. వంద రూపాయలు పడేసేవాళ్ళే, 500 డిపాజిట్ అనగానే "ఎక్కడికి పోతామండీ, మూడో ఫ్లోరే కదా" అనేవాళ్ళు. అద్దె వస్తువుకు, డిపాజిట్ తమ నిజాయితీకి అన్నట్టు తీసుకున్నారు. నేను మాత్రం తగ్గలేదు. తగ్గలేదంటే, ఇద్దరి దగ్గర తగ్గాను.

సి బ్లాకు నుంచి ఒకమ్మాయి వచ్చింది, పాతికేళ్ళుంటాయి. "ఆంటీ, నేనే వేసుకుంటాను. ఎలా పట్టుకోవాలో చూపిస్తారా?" అంది. హ్యామర్ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. పాత కవరొకటి తీసుకుని, పెన్సిల్ గుర్తుకు జానెడు కింద, నోరు పైకి ఉండేలా గోడకు టేపుతో అతికించాను. రాలే పొడంతా అందులో పడుతుంది. బిట్టు మీద రెండంగుళాల దగ్గర టేపు ముక్క చుట్టాను, అంతవరకు దిగితే చాలని. మొదటి కన్నానికి ఆ పిల్ల కళ్ళు మూసేసుకుంది. "కళ్ళు మూసుకుంటే ఎట్లా, తెరువు" అని అరిచాను. మూడో కన్నానికి నన్ను పక్కకు జరగమంది. బాత్రూంలో టైలు దగ్గర మాత్రం నేనే ఆపాను. టైలు మీద సుత్తిలా కొట్టే హ్యామర్ మోడ్ పెడితే పటుక్కున చీలుతుంది. మామూలు డ్రిల్లింగులో పెట్టి, టైలుకు సరిపోయే బిట్టుతో మెల్లగా టైలు దాటించాక గోడ వచ్చినప్పుడే మార్చాలి. ఆ రోజు అద్దె తీసుకోబుద్ధి కాలేదు కానీ ఆ పిల్ల ఊరుకోలేదు.

ఇంతలో నాకు ఆశ పుట్టింది. ఫిబ్రవరి 17న 8,200 పెట్టి ప్రెషర్ వాషర్ కొన్నాను. కార్లకు, బాల్కనీలకు రోజుకు 300. మూడు వారాల్లో నాలుగుసార్లు వెళ్ళింది. ఇలా పోతే ఐదు నెలల్లో దీని డబ్బు వచ్చేస్తుందని మా ఆయనకు లెక్క వేసి చూపించాను. మార్చి వచ్చింది. ఆ వేసవి నీళ్ళ కరువు గురించి బెంగళూరులో ఉన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. నీళ్ళ టాంకర్ల రేట్లు ప్రభుత్వమే కట్టడి చెయ్యాల్సి వచ్చింది, ఐదు కిలోమీటర్ల లోపు 12,000 లీటర్లకు 1,000 రూపాయలని. జలమండలి తాగునీటితో కార్లు కడగకూడదని ఆర్డరు వేసింది, దొరికితే 5,000 జరిమానా. నా వాషర్ నిమిషానికి ఆరేడు లీటర్లు తాగుతుంది. మా నోటీసు బోర్డు మీద ఆర్డరు అతికించిన సాయంత్రం లిఫ్టులో ఒకాయన, "మీ బిజినెస్ పోయిందే" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. శుద్ధి చేసిన మురుగునీళ్ళు వాడుకోవచ్చు కదా అని ఒక క్యాను పట్టి ప్రయత్నించాను. పది నిమిషాల్లో వాషర్ జాలీ బూడిదరంగు జిగురుతో మూసుకుపోయింది. మా కారు రెండు రోజులు చెప్పుకోలేని వాసన వేసింది. వాషర్ బాల్కనీలోకి వెళ్ళి పాత దుప్పటి కప్పుకుంది.

ఏప్రిల్ 27 శనివారం హ్యామర్ తీసుకున్నవాళ్ళ అబ్బాయి, మావాడు ఒకే స్కూలు బస్సు ఎక్కుతారు. రోజూ పొద్దున్నే పలకరించుకునేవాళ్ళం. "వంటింట్లో చిన్న పని" అన్నారు. డిపాజిట్ వద్దనబోయాను కానీ వాళ్ళే 1,500 వేసేశారు. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి సంచీలో పెట్టి గుమ్మం బయట వదిలేసి, "పెట్టేశాం అక్కా" అని మెసేజ్ పెట్టారు. సంచీ ఎత్తగానే తెలిసిపోయింది. మాడిన వార్నిష్ వాసన. ఆ వాసన నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఎండాకాలం లోవోల్టేజీకి కాలిన బోరు మోటార్లు బండ్ల మీద దిగుతుంటే మా షాపంతా అదే వాసన. ప్లగ్గు పెట్టి స్విచ్ నొక్కాను. వెనక గాలి కంతల్లోంచి నీలం నిప్పురవ్వలు గుండ్రంగా తిరిగాయి, సన్నగా పొగ వచ్చింది, ఆపేశాను. స్క్రూలు విప్పి చూస్తే మోటారులో తిరిగే ఆర్మేచర్ చివర రాగి పట్టీలు బంగారు రంగులో మెరవాల్సింది పోయి, కాలిన పెనం అంచులా నల్లగా ఉన్నాయి. బొగ్గు బ్రష్షులు రెండూ అరిగి చిక్కుడు గింజంత మిగిలాయి. మెషినంతా తెల్లటి దుమ్ము.

తర్వాత వాచ్‌మన్ చెప్పాడు. వాళ్ళింట్లో పనికి వచ్చిన మేస్త్రీ మనుషులు రెండు రోజులు వంటింటి నేల టైల్స్ అన్నీ దాంతోనే కొట్టి లేపారట. గోడకు కన్నాలు వేసుకునే మెషిను అది. నేల బద్దలు కొట్టడానికి వేరే పెద్దది ఉంటుంది, మేస్త్రీలు తమది తెచ్చుకోవాలి.

మంగళవారం ఆఫీసుకు సెలవు పెట్టి, హూడిలో మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో లైను మారి చిక్కపేటలో దిగి, పనిముట్లూ స్పేర్లూ దొరికే ఎస్.పి. రోడ్డుకు నడిచాను. సందులో ఒక రిపేరు షాపాయన చూడగానే "ఆర్మేచర్ పోయింది మేడం" అన్నాడు. "తెలుసు" అన్నాను. ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడే తీరే మారిపోయింది, స్టూలు కూడా వేశాడు. సరైన స్పేరు లేదు, తెప్పించాలి, వారం అన్నాడు. వారం కాస్తా పదిహేడు రోజులయింది. ఈలోపు ముగ్గురు హ్యామర్ అడిగారు, లేదన్నాను. మే 17న చేతికొచ్చింది, 2,350.

ఇక అసలు కష్టం. బిల్లు ఫోటో పంపితే ఐదు రోజులు జవాబు లేదు. ఆరో రోజు వాళ్ళాయన వచ్చి సోఫా అంచున కూర్చున్నాడు. "మేం ఇచ్చినప్పుడు బాగానే ఉందక్కా. పాతది కదా, ఎలాగూ పోయేదే" అన్నాడు. నా దగ్గర ఏం సాక్ష్యం ఉంది? ఇచ్చేటప్పుడు ఆడించి చూపించలేదు. ఏ పనికని రాసుకోలేదు. టైల్స్ కొట్టకూడదని చెప్పనూ లేదు. చెరి సగం అన్నాను. డిపాజిట్‌లో 1,175 పట్టుకుని 325 వెనక్కి వేశాను. ఆయన కాఫీ తాగకుండానే లేచాడు. జూన్‌లో స్కూళ్ళు తెరిచాక బస్సు దగ్గర వాళ్ళావిడ ఫోన్ చూసుకుంటూ అటు తిరిగి నిలబడటం మొదలుపెట్టింది. ఇప్పటికీ అంతే. పిల్లలిద్దరూ మాత్రం పక్కపక్క సీట్లలోనే కూర్చుంటున్నారు.

జూన్‌లోనే కమిటీవాళ్ళు పిలిచి, ఇంట్లో వ్యాపారం చెయ్యకూడదన్నారు. నోట్‌బుక్ తీసుకెళ్ళి చూపించాను. సెక్రటరీ గారు జమాఖర్చులు చూసి, "దీన్ని వ్యాపారమంటే వ్యాపారస్తులు బాధపడతారు" అన్నారు. అక్కడితో అయిపోయింది. కాకపోతే కొత్త బాధ తగులుకుంది. బిల్డింగులో ఎక్కడ గర్రుమని శబ్దం వచ్చినా, "మీ మెషినేనా అండీ, మా పాప పడుకుంది" అని నాకే ఫోన్లు. సగంసార్లు నా మెషిను నా ఎదురుగా అలమర్లోనే ఉండేది.

అన్నిటికంటే భయపడింది సెప్టెంబరు 1న. వినాయక చవితి వారంలో పడింది కాబట్టి ఇళ్ళు కడుక్కునే హడావిడి. వర్షాలు పడ్డాయి, వాన నీళ్ళు డ్రమ్ములకు పట్టి వాడుకోవచ్చని వాషర్‌కు మళ్ళీ గిరాకీ వచ్చింది. రెండో అంతస్తు ఆవిడ బాల్కనీ కడుగుతుంటే చెయ్యి జిల్లుమందట, వెంటనే ఇంట్లో ట్రిప్పర్ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్) పడిపోయి కరెంటు పోయింది. ఆవిడకు ఏమీ కాలేదు. నేను పరిగెత్తి వెళ్ళి ప్లగ్గు చూశాను. మూడు పిన్నుల్లో పైన ఉండే లావు పిన్ను, ఎర్త్‌ది, మొదలంటా విరిగిపోయి ఉంది. అంతకుముందు తీసుకున్నవాళ్ళెవరో రెండు కంతల ఎక్స్‌టెన్షన్‌లో పట్టదని విరగ్గొట్టేశారు. నేను వాషర్‌ను పైనుంచి కిందికి తుడిచి చూసుకున్నాను కానీ ప్లగ్గు చూడలేదు. తడి నేల మీద వట్టి కాళ్ళతో నిలబడ్డ మనిషి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ట్రిప్పర్ లేని ఇల్లయితే? కళ్ళు మూసుకుంటే అదే.

నాలుగో అంతస్తులో ఒక వకీలు గారున్నారు, హైదరాబాదులో ప్రాక్టీసు చేసి ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటున్నారు. మర్నాడు ఆయనకు చెప్పుకున్నాను. కాఫీ తాగుతూ తాపీగా, "అమ్మాయ్, 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఉంది, అందులో 150వ సెక్షన్" అని మొదలుపెట్టారు. ఊరికే ఇచ్చిన వస్తువులో లోపం ఉంటే, అది నీకు తెలిసీ చెప్పకపోతేనే నీ తప్పు. అద్దెకిచ్చావనుకో, ఆ లోపం నీకు తెలిసినా తెలియకపోయినా జరిగిన నష్టానికి నువ్వే బాధ్యురాలివి. నా గుండె జారిపోయింది. 300 రూపాయలు పుచ్చుకున్నాను కాబట్టి, ఎవరో విరగ్గొట్టిన పిన్నుకు నేను జవాబు చెప్పాలా? "చెప్పాలి మరి. అద్దెతో పాటు అదీ వస్తుంది" అన్నారు. హ్యామర్ సంగతి కూడా అడిగాను. చెప్పిన షరతుకు విరుద్ధంగా వాడి పాడుచేస్తే నష్టం వాడినవాళ్ళదేనట, 154వ సెక్షన్. "కానీ నువ్వు షరతేమీ చెప్పలేదుగా?" చెప్పలేదు. అది అప్పటికే 1,175 రూపాయలు పెట్టి నేర్చుకున్నాను.

ఆ వారమే 420 ఖర్చుపెట్టి వాషర్‌కు కొత్త తీగ, ప్లగ్గు వేసుకున్నాను. అప్పటి నుంచి ఏది గుమ్మం దాటినా, తిరిగొచ్చినా, ఇద్దరి ఎదురుగా పది సెకన్లు ఆడించాల్సిందే. ప్లగ్గు చేత్తో పట్టుకుని చూస్తాను. ఏ పనికో అడిగి నోట్‌బుక్‌లో వాళ్ళ చేతే రాయిస్తాను. మేస్త్రీలకూ టైల్స్ కొట్టడానికీ కాదని పైన నేనే ఎర్ర పెన్నుతో రాసి ఉంచాను. గుమ్మం బయట వదిలి వెళ్తే కుదరదు. చక్ కీని జానెడు నైలాన్ తాడుతో డ్రిల్లు తీగకే, ప్లగ్గు దగ్గర కట్టేశాను. కీ పెట్టి తిప్పాలంటే ప్లగ్గు పీకాల్సిందే కాబట్టి వేళ్ళకూ మంచిది. ఆ తాడు కట్టాక కీ ఒక్కసారి కూడా పోలేదు. మూడేళ్ళ క్రితమే కట్టి ఉంటే అసలు ఇదంతా మొదలయ్యేదే కాదేమో.

2025 మార్చి 31న లెక్క చూసుకున్నాను. పద్నాలుగు నెలల్లో డ్రిల్లు 31 సార్లు, హ్యామర్ 14, నిచ్చెన 22, వాషర్ 9. వచ్చింది మొత్తం 10,400. హ్యామర్ రిపేరులో నా సగం, బ్రష్షులు, తీగ, నిచ్చెన కాళ్ళ రబ్బర్లు, ఆ తొంభై రూపాయల కీ, అన్నీ కలిపి 2,025. వాషర్ కొన్న 8,200 కూడా తీసేస్తే మిగిలింది 175 రూపాయలు. మా ఆయన ఆ అంకె చూసి చాలాసేపు ఏమీ అనలేదు, అది ఆయన మంచితనం. వాషర్ మళ్ళీ దుప్పటి కిందే ఉంది. 2025 ఫిబ్రవరిలో జలమండలి మళ్ళీ అదే నిషేధం పెట్టింది.

ఇంకో సంగతి ఆ నోట్‌బుక్‌లో లేదు. మొదటి అంతస్తులో తెనాలి మామ్మగారు ఉన్నారు, డెబ్బై దాటాయి. ఏటా రెండుసార్లు నిచ్చెన అడిగేవారు. దసరాకు అటక మీంచి కొలువు బొమ్మల పెట్టెలు దించడానికి ఒకసారి, ఉగాదికి బూజులు దులపడానికి ఒకసారి. నిచ్చెన తిరిగొచ్చినప్పుడల్లా దాని వెనకాలే ఒక స్టీలు డబ్బా వచ్చేది, సున్నుండలో, చేగోడీలో. నేను అద్దె పెట్టాక ఆవిడ రాలేదు. గ్రూపులో ఆవిడ లేరు కూడా, ఎవరో చెప్పి ఉంటారు. నేనూ పనుల్లో పడి గమనించలేదు. పోయిన దసరాకు పేరంటానికి వెళ్తే కొలువు తొమ్మిది మెట్లూ నిండుగా ఉంది. బొమ్మలు ఎవరు దించారు మామ్మగారూ అన్నాను. "వాచ్‌మన్‌ని పిలిచానమ్మా, టేబుల్ మీద కుర్చీ వేసుకుని దించాడు. రెండొందలిచ్చాను" అన్నారు. టేబుల్ మీద కుర్చీ! నాకు కడుపులో తిప్పినట్టయింది. "నన్నడగొచ్చు కదా, మీ దగ్గర నేను డబ్బు తీసుకుంటానా?" అన్నాను. ఆవిడ తాంబూలం చేతిలో పెడుతూ, "అందరికీ ఒక లెక్క, నాకొక లెక్క అయితే బాగుంటుందా? నువ్వు ఇబ్బంది పడతావు. నేనూ పడతాను" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రం అక్కడ ఇంకో ఏడెనిమిది మంది ఆడవాళ్ళున్నారు. వాళ్ళలో ఎంతమంది ఇదివరకు నా గుమ్మం ముందుకు వచ్చేవాళ్ళో లెక్కపెట్టుకుంటూ పైకొచ్చాను. ఐదుగురు.

ఈ ఉగాదికి నేనే ముందు దిగాను. మార్చి 23, ఆదివారం ఉదయం నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళి వాళ్ళ హాల్లో నిలబెట్టి, ఆవిడ నోరు తెరిచేలోపు వచ్చేశాను. నోట్‌బుక్‌లో తేదీ రాశాను, "బూజులు" అని రాశాను, డబ్బుల గడి ఖాళీగా వదిలేశాను. పండగ 30న అయిపోయింది. ఇవాళ ఏప్రిల్ 3. పదకొండు రోజులు. నిచ్చెన రాలేదు, డబ్బా రాలేదు, ఫోనూ రాలేదు. బి బ్లాకు వైజాగ్ అబ్బాయి ఫ్యాను మార్చుకోవాలట, రేపు పొద్దున ఎనిమిదింటికి నిచ్చెన కావాలని 50 రూపాయలు ముందే వేసేశాడు. ఇప్పుడు రాత్రి ఎనిమిదిన్నర. రెండుసార్లు లిఫ్టు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను.